ఒంటిగంటకు తాపీ దించాల

బళ్లారి దాటగానే తెలుగు ఆగిపోదు, పలచబడుతుంది. కుడితిని దగ్గర టీకొట్టాయన "స్వల్ప తాళండి, హాలు కాగనీ" అన్నాడు. 1953లో గీత గీసి బళ్లారిని మైసూరుకూ, ఆలూరు, ఆదోని, రాయదుర్గాలను ఆంధ్రకూ పంచారు గానీ, ఆ గీత ఈ టీకొట్టు దాకా రాలేదు.

బండి నడిపేది మా బావమరిది. బళ్లారి కౌల్‌బజారులో పుట్టి పెరిగినవాడు, మేం వెళ్తున్న దరోజి కరడిధామం, అంటే ఎలుగుబంట్ల అభయారణ్యం, ఒక్కసారీ చూడలేదు. "పెరట్లో చెట్టు బావా, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఎడమవైపు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు చాలాసేపు మాతో వచ్చాయి. అవి మాయమయ్యాక గుండ్రాళ్ల గుట్టలు మొదలయ్యాయి. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుంటాయి. తుంగభద్ర అవతల ఆనెగొంది, అదే కిష్కింధ అంటారు. ఎలుగుబంట్లు జాంబవంతుడి సీమలో కాక ఇంకెక్కడుంటాయి?

మేం తొందరపడి వచ్చాం. సందర్శకులను మధ్యాహ్నం దాటాకే వదులుతారు. లోపల చిన్నచిన్న మరమ్మతులు జరుగుతున్నాయి. మెట్ల అంచులు విరిగిన చోట సిమెంటు, కూర్చునే గచ్చుకు అతుకులు, ఒక రెయిలింగు. అన్నం తినడానికి బయటి చెట్టు కిందికి వచ్చిన మేస్త్రీది రాయదుర్గం పక్క పల్లె. నేను ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించినవాణ్ణి కనుక నోరు ఊరుకోలేదు.

"మిక్సర్ మిషను లేదా అన్నా?"

"లేదు సామీ, చేత్తోనే కలుపుతాండాం. సప్పుడైతే ఆయప్ప గుట్ట దిగడంట. ఒంటిగంటకంతా తాపీ దించాల."

"మరి పని ఎప్పటికయ్యేను?"

"ఇండ్లలో అయితే ఇంటాయనకు తొందర. ఈడ ఇంటాయనకు మనం పొయ్యేదే తొందర."

రంగు సంగతి కూడా అడిగాను. తెల్ల సున్నం వద్దన్నారట. ఎండకు మెరుస్తుందని, రాయి రంగే వేయమన్నారట. నా ముప్పై ఏళ్లలో కట్టినది కనబడకూడదని చెప్పిన యజమాని ఒక్కడూ తగల్లేదు.

ఇక్కడ అసలు కట్టడం ఒక్కటే, వీక్షణ గోపురం. ఎదురుగా కరడికల్లు గుట్ట. మధ్యాహ్నం సిబ్బంది వెళ్లి ఆ రాళ్లకు బెల్లం కలిపిన ముద్ద పూసి వస్తారు. ఆ తర్వాత మనం ఇటు, ఎలుగులు అటు. 1994లో అభయారణ్యంగా ప్రకటించినప్పుడు దీని విస్తీర్ణం సుమారు 56 చదరపు కిలోమీటర్లు. తర్వాత బుక్కసాగర అడవిని కలిపితే 82 దాటింది. అంతటి అడవిలో మనిషికి పనికొచ్చే జాగా నాలుగు గదులంత. అది చాలు.

బెల్లం సంగతి మాత్రం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. ఎలుగుబంటి అసలు తిండి చెదలు, చీమలు, రేగు, నేరేడు లాంటి పళ్లు. పై పళ్ల వరసలో నడిమి రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదలను గాలితో సహా జుర్రుకుంటుంది. దేవుడు ఇంత పనితనం చూపించిన మూతికి మనం బెల్లం అలవాటు చేశాం. అది లేకపోతే ఇంతమందికి అవి కనబడవు, నిజమే. కనబడకపోతే ఈ అడవిని కాపాడాలని అడిగేవాళ్లూ తగ్గుతారు. తేల్చుకోలేకపోయాను.

గోపురమెక్కి మూడు గంటలకే కూర్చున్నాం. ఎండ. ముందు నెమళ్లు వచ్చాయి, తర్వాత రాళ్ల సందుల్లోంచి జిట్టకోళ్లు. నాలుగున్నరకు పక్కనున్న పిల్ల "అదో" అంది. రాయి అనుకున్నది కదిలింది. తల్లి. వీపు మీద రెండు పిల్లలు, జుట్టు పట్టుకుని వేలాడుతున్నాయి.

నా చిన్నప్పుడు మా వీధికి ఎలుగును ఆడించేవాడు వచ్చేవాడు. దాని ముక్కుకు తాడు. జడుపు పోతుందని నన్ను దాని మీద కూర్చోబెట్టారు, వెంట్రుక తాయెత్తులో కట్టారు. జడుపు పోలేదు గానీ, ఆ ముక్కు దగ్గర పుండు మాత్రం గుర్తుండిపోయింది. ఈ తల్లి ముక్కు నల్లగా, తడిగా, ఏ తాడూ లేకుండా గాల్లో ఆడుతోంది. బైనాక్యులర్స్ బావమరిదికి ఇవ్వడం మరిచిపోయాను. వాడే లాక్కున్నాడు.

దిగేటప్పుడు చూస్తే మేస్త్రీ ఇంకా ఇంటికి పోలేదు. కింద నిలబడి పైకి చూస్తున్నాడు. "కనపడిందా సామీ?" అని గుసగుసగా అడిగాడు. కొత్త మెట్టు మీద తడి గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. వాటి అంచున ఒక కొండ పిగిలి వాలి, క్యూరింగు నీళ్లను ముక్కుతో అద్దుకుంటోంది.

"ఇంగో వారం తడపాల" అని, అది ఎగిరేదాకా ఆగి, మాకు దారి చూపించాడు.