అంచనాల పుస్తకం

ఊళ్ళనుండి వచ్చే మా బంధువులకు హైదరాబాదు పాతబస్తీ అంటే చార్మినారు, లాడ్‌బజారు గాజులు, బిర్యాని. ఇక్కడ ఫుట్‌బాల్ కూడా ఉండేదని మేము చెబితే నమ్మరు. "ఆ ఆట బెంగాలువాళ్ళది, కేరళవాళ్ళది కదా" అంటారు. మేమూ పెళ్ళయి చంచల్‌గూడకు కాపురం వచ్చేవరకు అలాగే అనుకునేవాళ్ళము. మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లోని పెద్దాయన మాకు ఆ సంగతులన్నీ చెప్పారు. ఆయనను మేమందరము చాచా అనే పిలుస్తాము. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. చిన్నతనంలో తన అన్నగారి సైకిలు ముందు కడ్డీమీద కూర్చొని ఫతే మైదానానికి వెళ్ళి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆట చూసేవారట.

ఆ పోలీసు జట్టు సామాన్యమైనది కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. దానికి శిక్షణ ఇచ్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన ఉద్యోగం బడిపంతులు. కాచిగూడ బడిలోను, మా ఇంటికి దగ్గరలోనే ఉన్న చాదర్‌ఘాట్ హైస్కూలులోను పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒకదానిలో ఎడమకాలివాటం లేనివాడు ఎడమకాలితోనే తన్నాలి. ఇంకొకదానిలో బంతిని కాళ్ళదగ్గర ఉంచుకొని ఒక్కడే ఉరకకూడదు, వచ్చిన వెంటనే తోటివానికి అందించాలి. బడిలో చదువురాని పిల్లవానికి పంతులుగారు ప్రత్యేకంగా దిద్దబెట్టినట్టే ఉంది కదా!

ఆయనే భారతదేశపు జట్టుకూ కోచ్ అయ్యారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానంలో నిలిచారు. ఆ జట్టులో హైదరాబాదీలు ఎందరో ఉన్నారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం అందులో ఒకరు. ఆయన 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ రోజు చాచా మా వాకిట్లోకి వచ్చి పత్రిక చేతికిచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

మేము ఎక్కువగా అడిగి చెప్పించుకునేది 1962 జకార్తా ఆసియా క్రీడల కథ. మొదటి ఆటలో దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. తిరిగి ఫైనలులో ఎదురైనది ఆ కొరియాయే. మన జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనుక కాపు కాసే ఆయనను రహీం గారు ముందు వరుసలో ఆడించారు. ప్రేక్షకులు మనవాళ్ళకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. ఆ రోజు ఎవరైనా లెక్క వేసి చెబితే కొరియా గెలుస్తుందనే చెప్పాలి. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లతో ఉన్న జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. 2-1తో స్వర్ణపతకం మనది. రహీం గారు అప్పటికే ఊపిరితిత్తుల కాన్సరుతో ఉన్నారు. 1963 జూన్‌లో పోయారు. ఆ మీదట ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం రాలేదు. 2024లో ఆయనమీద 'మైదాన్' అనే హిందీ సినిమా వస్తే మేము చాచాను కూడా తీసుకువెళ్ళాము. సినిమా బాగుందా అని అడిగితే, "ఆటగాళ్ళు మరీ తెల్లగా ఉన్నారు" అన్నారు.

అటువంటి ఊరికి చాలాకాలం పెద్ద జట్టు లేకపోయింది. మొహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి మన పిల్లలు కలకత్తా వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. 2019లో ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాద్ ఎఫ్.సి. అని జట్టు వచ్చిందని తెలియగానే మా ఇంట్లో పండుగయింది. ఆట జరిగేది గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. మలక్‌పేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆటో పట్టాలి. నలుగురికీ రానుపోను ఖర్చు లెక్క వేసుకొని, నెలకు ఒక్క ఆటకే వెళ్దామని మేము నిశ్చయించుకున్నాము. మిగిలినవి టీవీలో.

అప్పుడే ఈ పుస్తకం మొదలైంది. పిల్లల పాత లెక్కల నోటుబుక్కు వెనుకవైపునుండి గీతలు గీసి, ప్రతి ఆటకు ముందు ఇంట్లోని ప్రతివాళ్ళూ ఫలితం రాయాలి. గెలుపా, ఓటమా, డ్రానా సరిగా చెప్పినవారికి ఒక మార్కు. గోళ్ళ లెక్క కూడా సరిపోతే ఇంకో రెండు. మొదట పిల్లలు దాని అట్టమీద 'జోస్యాల పుస్తకం' అని రాశారు. వాళ్ళ నాయనమ్మ ఒప్పుకోలేదు. "విశ్వాసుల ఇంట్లో జోస్యమేమిటి?" అని ఆవిడే కొట్టివేసి 'అంచనాల పుస్తకం' అని రాయించింది. డబ్బు మాట ఎత్తకూడదన్నది కూడా మొదటి రోజే పెట్టుకున్న నియమం. సంవత్సరం చివర ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఉస్మానియా బిస్కెట్ల పొట్లం, అంతే.

ఫుట్‌బాల్‌ను అంచనా వేయడం కబడ్డీవలె కాదు. కబడ్డీలో ముప్పై, నలభై పాయింట్లు వస్తాయి గనుక బలమైన జట్టు ఎలాగో పైకి తేలుతుంది. ఇక్కడ తొంభై నిమిషాలు పరుగెత్తితే ఒకటో రెండో గోళ్ళు. బలహీనుడు గంటన్నర గోడలాగ నిలబడి, ఒక్కసారి అవకాశం దొరికితే చాలు, లెక్కలన్నీ తలక్రిందులౌతాయి. పైగా సమానంగా ముగియడం అనే మూడో దారి ఒకటి ఉంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా.

మొదటి సంవత్సరమే మా జట్టు అందరికంటె అడుగున నిలిచింది. 18 ఆటలలో రెండే గెలిచింది. అయితే ఆ తరువాత స్పెయిన్‌దేశపు మనోలో మార్కెజ్ గారు కోచ్‌గా వచ్చి కుర్రవాళ్ళను దిద్దారు. 2022 మార్చి 20న ఫైనలులో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 సమానమై, పెనాల్టీలదాకా వెళ్ళింది. పెనాల్టీలంటే ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపరు ఎదుట బంతి పెట్టి తన్నడం. మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది! విచిత్రమేమంటే ఆ సంవత్సరం మన జట్టు గచ్చిబౌలిలో ఒక్క ఆట కూడా ఆడలేదు. కరోనా మూలంగా ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. మేము ఇంట్లో టీవీ ముందు కూర్చొని ఛాంపియన్లమయ్యాము. చాచా ఇంటినుండి షీర్‌ఖుర్మా వచ్చింది, రంజాను ఇంకా మొదలు కాకుండానే.

ఇక 2023-24 సంగతి. కోచ్ గారు గోవా జట్టుకు వెళ్ళిపోయారు. అందరికంటె ఎక్కువ గోళ్ళు కొట్టే నైజీరియా ఆటగాడు ఓగ్‌బెచె లేడు. సంవత్సరం మధ్యకు వచ్చేసరికి జీతాల బకాయిల వివాదాలు, కొత్తవాళ్ళను తీసుకోకుండా నిషేధం. విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. మిగిలిన పిల్లలే పెద్ద జట్లకు ఎదురు నిలబడ్డారు. మా చిన్నవాడు మొదటి ఆటకే 'ఓటమి' అని రాశాడు. రెండవదానికీ అదే. మూడవదానికీ అదే. వాళ్ళ నాయనమ్మ ప్రతిసారీ 'గెలుపు' అని రాయించేది. అమ్మాయి ఒకసారి ఇటు, ఒకసారి అటు.

ఒకనాడు ఈ విషయమై ఇంట్లో నిజంగానే గొడవ అయింది.

"మన ఊరివాళ్ళు ఓడతారని చేతులారా రాస్తావేమిరా?" అంది నాయనమ్మ.

"ఉన్నది రాశాను నాయనమ్మా. యిర్మీయా కూడా తన ఊరికి ఓటమే చెప్పాడు కదా" అన్నాడు వాడు. సండేస్కూలులో బహుమతులు తెచ్చుకున్నవాడు, మాటకు మాట అందిస్తాడు.

"చెప్పి ఏడ్చాడురా ఆయన. నువ్వు పకోడీలు తింటూ చెబుతున్నావు."

మాకు నవ్వు ఆగలేదు గాని, వాడు ప్లేటు ప్రక్కన పెట్టి లేచిపోయాడు. మాకు ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలో తెలియలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమని పిల్లలకు నేర్పేది మేమే. అయినవాళ్ళను కష్టంలో వదలవద్దని నేర్పేదీ మేమే. ఈ రెండూ ఒకే గీతలమధ్య రాయవలసి వస్తుందని అనుకోలేదు.

ఆ సంవత్సరం 22 ఆటలలో మన జట్టు 16 ఓడింది, 5 సమానం చేసుకుంది, ఒక్కటి గెలిచింది. ఆ ఒక్కటి 2024 మార్చిలో చెన్నైలో, 1-0తో. నాయనమ్మకు 22లో ఒక్క ఫలితం సరిపోయింది. చిన్నవానికి 16. బిస్కెట్ల పొట్లం వాడిదే. కాని ఆ మార్చి రాత్రి మన పిల్లలు గోలు కొట్టినప్పుడు మంచంమీదనుండి అందరికంటె ముందు దూకినవాడు వాడే. ఆ ఆటకు కూడా 'ఓటమి' అని రాసినవాడు! నాయనమ్మ మాత్రం "నేను ముందే చెప్పాను" అని వారం రోజులు చెప్పుకుంది. అంతకుముందు ఓడినవాటిని ఎవరూ గుర్తు చేయలేదు.

ఈ 16 మార్కుల సంగతి వాడలో ప్రాకింది. ఒక సాయంత్రం, గాజుల కొట్టులో పనిచేసే ఒక కుర్రవాడు మా చిన్నవాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఫోనులో యాప్‌ల మీద పందాలు కాసేవాడు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు గాని, దొంగదారులు మూతపడలేదు. అప్పటికే అతని స్కూటరు పోయింది, చెల్లెలి పెళ్ళికని దాచిన డబ్బులో కొంత పోయింది. "ప్రతి ఆటకూ నువ్వు రాసింది నాకు ముందు చెప్పు. వచ్చినదానిలో నీకు పావలా వంతు" అన్నాడు. మా చిన్నవానికి అప్పుడు పదునాలుగేండ్లు.

మేము లోపలనుండి విన్నాము. వెంటనే వెళ్ళి తరిమివేయాలనిపించింది. నాయనమ్మ చేయి పట్టి ఆపింది. వాడేమి చెబుతాడో విందామంది. చిన్నవాడు పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టాడు. "అన్నా, ఇది తెలివి కాదు. వాళ్ళకు జీతాలు రావడం లేదు, ఆడేవాళ్ళు లేరు. ప్రతిసారీ ఓటమి అని రాశాను, అంతే. నీ యాప్‌వానికి ఆ మాత్రం తెలియదా? అందరికీ తెలిసినదానికి వాడు ఎక్కువ డబ్బు ఇవ్వడు. చూడు, మిగిలిన జట్ల ఆటలకు నేను రాసినవి" అని ఇంకో పేజీ తిప్పాడు. అక్కడ సగానికి పైగా తప్పులే. ఆ కుర్రవాడు చాలాసేపు ఆ పేజీ చూశాడు. నాయనమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఎంత పోయిందని అడిగింది. అతను నిజం చెప్పాడో, తగ్గించి చెప్పాడో మాకు తెలియదు గాని, చెబుతూ ఏడ్చాడు. మరునాడు చాచా అతని యజమానితో మాట్లాడి, జీతంలో కొంత నేరుగా తల్లి చేతికే ఇచ్చేట్టు ఏర్పాటు చేశారు. 2025 ఆగస్టులో ఇటువంటి డబ్బు ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు ఆ వార్త మాకు చదివి వినిపించినవాడు అతనే. మానేశాడా అని మేము అడగలేదు. ఇప్పుడు సైకిలుమీద వెళ్తున్నాడు.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి పోటీలు హైదరాబాదులోనే జరిగాయి. తెలంగాణ జట్టు మొదటి దశ దాటలేదు. ఫైనలు డిసెంబరు 31 రాత్రి గచ్చిబౌలిలో, బెంగాలుకూ కేరళకూ. మనకు ఏ సంబంధమూ లేని ఆట. పైగా ఆ రాత్రి మాకు గుడిలో ఆరాధన. టీవీలోనైనా చూస్తామని పిల్లలు పట్టుబట్టారు. తొంభై నిమిషాలు దాటినా గోలు లేదు. చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడి ఉండగా రోబి హన్స్దా బెంగాలుకు గోలు కొట్టాడు. గుడికి చేరేసరికి మొదటి పాట అయిపోయింది. నాయనమ్మ దారి పొడుగునా మాతో మాట్లాడలేదు. ఆవిడ కేరళ గెలుస్తుందని రాయించింది లెండి.

మన జట్టు 2024-25లో కొత్త యజమానుల క్రింద ఆడి, 13 జట్లలో 12వ స్థానంలో నిలిచింది. ఆ తరువాత 2025లో ఊరే విడిచి వెళ్ళింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఓడే జట్టును ఆరేండ్లు మోశాము, అలవాటైన బరువు. ఉన్నట్టుండి అది భుజంమీద లేకపోయేసరికి మాకు సాయంత్రాలు ఏమి చేయాలో తోచలేదు. ఓడటంకన్నా ఇది వేరే రకం బాధ. ఓడినవాళ్ళను వచ్చేవారం మళ్ళీ చూడవచ్చు.

ఢిల్లీ పేరుతో పుస్తకంలో గీతలు గీయాలా వద్దా అని చర్చ వచ్చింది. "ఆడేది ఆ పిల్లలే కదా, ఊరు మారితే మారింది" అంది నాయనమ్మ. అమ్మాయి వద్దంది. చిన్నవాడు కలం తీసి, మూత పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం మా వాడ పిల్లలకూ, ప్రక్క వాడ పిల్లలకూ మైదానంలో ఆట ఉందని చాచా చెప్పారు. ఆయన మనుమడు మా వాడ గోల్‌కీపరు. గుడినుండి వచ్చి, భోజనాలు కానిచ్చి, అందరమూ వెళ్ళాము. చాచాకు కుర్చీ, నాయనమ్మకు పీట తీసుకువెళ్ళాము. వెళ్ళేముందు చిన్నవాడు పుస్తకం తెరిచి గీతలు గీశాడు. నాయనమ్మ అడగకుండానే 'గెలుపు' అంది. వాడు ఆవిడ పేరు ఎదుట ఆ మాట రాసి, తన పేరు ఎదుట కూడా 'గెలుపు' అనే రాసుకున్నాడు. మా వాడ 3-1తో ఓడింది. ఇద్దరికీ సున్నా.