అప్‌డేట్ నక్కో బేటా

మా మామూజాన్ ఫోన్‌లో పాటలు రికార్డు చేసే యాప్ 2019 నాటిది. ఎవరైనా ఆయన ఫోన్ పట్టుకుంటే చాలు, "అప్‌డేట్ నక్కో బేటా!" అంటారు. సోమశిలలో మా ఖాన్‌దాన్ పిల్లలకి ఇదొక మజాక్. నాకైతే మామూ జిద్‌లో సచ్చాయీ ఉందనిపిస్తుంది.

మామూ నాత్ పాడతారు, పక్కన దఫ్ ఉంటుంది. ఏ.ఎస్.పేట రహమతాబాద్ దర్గా ఉర్సుకి వెళ్ళొస్తే రెండు మూడు కొత్త తర్జులు పట్టుకొస్తారు. అవి మర్చిపోకముందే రికార్డు చెయ్యాలి. పాత యాప్‌లో ఒకటే ఎర్ర బటన్. నా ఫోన్‌లో అదే యాప్ కొత్తది. ముందు అకౌంట్ అడుగుతుంది, తర్వాత నెల చందా, ఆపైన అడ్వర్టయిజ్‌మెంట్. ఆలోపు తర్జు కాస్తా హవా అయిపోతుంది.

ఆవాజ్ సంగతి ఇంకా ముఖ్యం. కొత్తదాంట్లో చుట్టుపక్కల శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు దానంతటదే ఆన్‌లో ఉంటుంది. ఫోన్ మాట్లాడ్డానికి అది అచ్ఛా. దాని లెక్కలో మనిషి మాటే ఆవాజ్, మిగతాదంతా గోల. దఫ్ మీద దెబ్బ పడ్డాక సాగే మోతని కోసేస్తుంది. సన్నగా తీసిన రాగం కొసని మింగేస్తుంది. పాతది విన్నది విన్నట్టు రాసుకుంటుంది. వావ్ ఫైల్ నిమిషానికి 5 ఎంబీకి పైనే తింటుంది, తిననీ.

అసలు ఫికర్ వేరే. మా నానీ పాడిన లోరీలు ఆ యాప్‌లోనే ఉన్నాయి. నానీ ఇప్పుడు లేరు. అప్‌డేట్ చేస్తే ఫైళ్ళు మామూలుగా పోవు. కానీ కొత్తది నచ్చక వెనక్కి రావాలంటే ముందు యాప్‌నే తీసెయ్యాలి. యాప్ పోతే, దాని సొంత అరలో దాచిన రికార్డింగులూ దాంతోనే పోతాయి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి ఫైళ్ళు ఎక్కడ పడితే అక్కడ దాచుకునే ఇజాజత్ కూడా యాప్‌లకి తగ్గింది.

అలాగని ఎవరో పెట్టిన పాత ఏపీకే ఫైల్ దించుకోవడం ఖతర్‌నాక్. అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఉన్న యాప్ నచ్చితే ప్లేస్టోర్‌లో దాని పేజీ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, ఆటో అప్‌డేట్ టిక్కు తీసెయ్యండి. బ్యాంకు యాప్‌లకి మాత్రం ఈ పని చెయ్యొద్దు.

మొన్న జుమ్మా తర్వాత మామూ, నేనూ కూర్చుని లోరీలన్నీ ఒక్కొక్కటే షేర్ చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాం. ఒకదాంట్లో నానీ మధ్యలో ఆగి దగ్గుతారు, పెరట్లో కోడిపుంజు కూస్తుంది. కొత్త యాప్ అయితే ఆ రెంటినీ గోల కింద తీసిపారేసేది.