అసలీ నస్ల్, నక్లీ జబాన్

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో సగం పిల్లుల గురించే. "భాయ్, పర్షియన్ బిల్లీ కొందామనుకుంటున్నాం, పిల్లలు జిద్ చేస్తున్నారు, ఎవరైనా భరోసా ఉన్న మనిషి తెలుసా?" అని. ఇన్నేళ్లు పేపర్లో రాజకీయాలు రాస్తే ఖాందాన్‌లో ఒక్కరూ చదివినట్టు చెప్పలేదు. మా భాంజీ పిల్లి కిస్సా పాకినప్పటి నుంచి మాత్రం నేను బిల్లీల డాక్టర్నయిపోయాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్లలో కుక్క ముచ్చట వేరు. కాపలాకో వేటకో అయితే సరే గానీ, ఇంట్లో పెంచుకుంటామంటే పెద్దలు రాజీ పడరు. పిల్లికి ఆ అడ్డు లేదు. పిల్లి మూతి పెట్టిన నీళ్లు నాపాక్ కావని, వాటితో వజూ చేసుకోవచ్చని అమ్మీ మాకు చిన్నప్పుడే చెప్పింది. అందుకే నాలుగు డబ్బులు కనపడగానే మన మొహల్లాల్లో పిల్లలు అడిగేది పర్షియన్ పిల్లిని. షౌక్ ఉన్నచోటికి బేపారీ వస్తాడు. బేపారీ వెనకాలే దళారి.

ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కదా, ఒక సంగతి చూసి అప్పట్లో నవ్వుకునేవాణ్ణి. బయానా, రసీదు, దళారి, దగా... తెలుగువాళ్లు మన దగ్గర తీసుకున్న మాటల్లో బజారువి ఎన్నో! ఎతబార్ అనే మాట మాత్రం తెలుగులో పెద్దగా వినపడదు. బజార్లో దానితో పని పడలేదేమో.

మా చెల్లి వరంగల్‌లో ఉంటుంది. బహ్నోయి టైలరు. కూతురు ఖురాన్ ఖతం చేసిన ఖుషీలో, రంజాన్ సీజన్లో రాత్రింబవళ్లు కుట్టిన డబ్బుల్లోంచి తొమ్మిది వేలు తీసి పిల్లిని కొన్నాడు. అమ్మినవాడు మనవాడే. దుకాణం లేదు, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముతాడు. బస్టాండు దగ్గరికి అట్టపెట్టెలో తెచ్చిచ్చాడు. "నీలికళ్ల పర్షియన్, ట్రిపుల్ కోట్, నలభై రోజులు, టీకాలన్నీ అయిపోయినయి, అల్లా కసమ్" అన్నాడు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చింది. భాంజీ దానికి షక్కర్ అని పేరు పెట్టింది. సోమవారం సాయంత్రానికి తిండి మానేసింది, కక్కింది. మంగళవారం నెత్తురు విరేచనాలు. శుక్రవారం ఫజర్‌కి ముందే పోయింది.

అమ్మినవాడికి నేనే ఫోన్ చేశాను. "మా ఇంట్ల మంచిగనే ఉండె, మీరేం పెట్టిన్రో" అన్నాడు ముందు. నేను పేపరువాణ్ణని తెలిశాక గొంతు మారింది. "అల్లాకీ మర్జీ భాయ్, సబర్ చేయండి" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది. పక్కనే కూర్చున్న భాంజీ ఫోన్ పెట్టేశాక నన్ను అడిగింది: "మామూ, అల్లా మర్జీ ఏందో ఆయనకెట్ల తెలుసు?"

ఆ పిల్ల మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. పిల్లి పోయినందుకే అనుకున్నాం. అది కాదు. తాను పెట్టిన పాల వల్లే షక్కర్ చనిపోయిందనుకుంటోంది. ఆమెను తీసుకుని మళ్లీ పశువుల డాక్టరు దగ్గరికే వెళ్లాం. ఆయన ఓపిగ్గా లెక్క చెప్పాడు. జబ్బు పేరు పాన్‌ల్యుకోపీనియా, పిల్లుల పార్వో అనుకోండి. ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లాక బయటపడటానికి కనీసం రెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం, పది రోజులు. ఆదివారం వచ్చిన పిల్లి సోమవారమే కక్కిందంటే జబ్బు అట్టపెట్టెలోనే వచ్చింది. ఆవుపాలకు పిల్లికూనలకు కడుపు చెడొచ్చు గానీ ఈ జబ్బు రాదు. అప్పుడు గానీ ఆ పిల్ల ఏడవలేదు.

తొమ్మిది వేలు పోయాయని బహ్నోయి ఒక్క మాట అనలేదు. పన్నెండేళ్ల పిల్ల నెత్తిన ఒక చావు పెట్టి, దాని మీద అల్లా పేరు రాసిపోయిన మనిషి మీదే నాకు గుస్సా.

ఆ గుస్సాతోనే నెల రోజులు ఈ బేపార్ ఎట్లా నడుస్తుందో కనుక్కున్నాను. ఆ బేపారీ మాటలే ఒక్కొక్కటి తీసుకుందాం. నీలికళ్లు: పుట్టిన ప్రతి పిల్లికూనకీ, గల్లీలో చెత్తకుండీ దగ్గర పుట్టినదానికి కూడా, కళ్లు నీలంగానే ఉంటాయి. ఆరేడు వారాల తర్వాత అసలు రంగు దిగడం మొదలవుతుంది. నెల పిల్లకు నీలికళ్లని ఎక్కువ డబ్బులడగడం అంటే పాలపళ్లకు డబ్బులడిగినట్టు. ట్రిపుల్ కోట్: పర్షియన్ పిల్లికి ఉండేది రెండు పొరల బొచ్చు, లోపల మెత్తటిదొకటి, పైన పొడుగుదొకటి. మూడో పొర బేపారీ నోట్లో ఉంటుంది. ఇక డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ అని మొహం చప్పిడితనాన్ని బట్టి రేటు పెంచుతారు. నెలన్నర పిల్ల మొహం పెరిగేకొద్దీ మారుతుంది, తల్లిదండ్రుల్ని చూస్తే గానీ తెలియదు. పైగా మరీ చప్పిడి ముక్కు పిల్లికి ఊపిరి కష్టం, కళ్లు ఎప్పుడూ కారుతుంటాయి. దానికి ఎక్కువ డబ్బులిచ్చి మరీ కొనుక్కోవడం నాకైతే అర్థం కాదు. "టీకప్" అని చెప్పి అమ్మేవి తిండి లేక ఎదగనివో, తల్లి నుంచి ముందే విడదీసినవో.

అన్నిటికంటే పెద్ద అబద్ధం టీకాలది. పిల్లికూనకు మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో వేస్తారు. మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల దాకా మళ్లీ వేయించాలి. రేబిస్ టీకా పన్నెండు వారాలకు ముందు వేయరు. నలభై రోజుల పిల్లకు టీకాలన్నీ అయిపోయాయంటే మీరు ఇంకేమీ అడగనక్కర్లేదు, సలాం చెప్పి వచ్చేయండి. కార్డు చూపిస్తే దాని మీద టీకా సీసా నుంచి తీసి అతికించిన స్టిక్కర్, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయా చూడండి. మా చెల్లికిచ్చిన కార్డు మీద బాల్‌పెన్‌తో రెండు తేదీలున్నాయి, అంతే.

పిల్లిని చూడటానికి పగటిపూట వెళ్లండి, అది పుట్టిన ఇంటికే వెళ్లండి. బస్టాండు, పెట్రోలు బంకు, "మా తమ్ముడు తెచ్చిస్తాడు", నక్కో. తల్లిని చూపించమనండి. ఏదో ఒక ఆడపిల్లిని చూపించి ఇదే తల్లి అనేవాళ్లున్నారు. పాలిస్తున్న తల్లికి రొమ్ములు తెలుస్తాయి, కూనలు దాని దగ్గరికే పోతాయి. తోక ఎత్తి చూడండి, మురికిగా ఉంటే విరేచనాలున్నట్టు. చెవిలో కాఫీపొడిలాంటి నల్లటి మురికి ఉంటే పురుగు. సన్నటి ఒంటికి ఉబ్బిన పొట్ట ఉంటే కడుపులో నులిపురుగులు. పౌడర్ వాసన గుప్పుమంటే బొచ్చు విడదీసి చూడండి, కింద గుండ్రంగా బొచ్చు రాలిన మచ్చలు కనపడొచ్చు. అది తామర, పిల్లలకీ అంటుకుంటుంది.

ఫోన్లోనే నడిచే ధోఖా ఇంకొకటుంది, అందులో అసలు పిల్లే ఉండదు. ఎక్కడివో ఫొటోలు, తక్కువ రేటు. ముందు బయానా, తర్వాత బండి కిరాయి, తర్వాత పంజరానికి, తర్వాత ఇన్సూరెన్సుకి. ప్రతిసారీ "ఇది వాపస్ వస్తుంది" అంటారు. వీడియో కాల్ చేసి, పిల్లి పక్కన ఒక చెంచా పెట్టి చూపించమనండి. చెంచా దొరకని ఇల్లుండదు, కాబట్టి సాకు చెప్పాడంటే పిల్లే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ వెనక్కి తేవడం కష్టం.

జాతి కుక్కపిల్లల బేపార్‌లో కనీసం అడగడానికి ఒక కాగితముంది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ మీద తల్లిదండ్రుల పేర్లుంటాయి, కుక్కకు మైక్రోచిప్ ఉంటుంది, నంబరు కలుస్తుందో లేదో చూడొచ్చు. 2017లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 8 వారాలు నిండని కూనని అమ్మకూడదు, పెంచి అమ్మేవాళ్లు స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డులో రిజిస్టర్ కావాలి. 2018లో పెట్ షాపులకూ రూల్స్ వచ్చాయి. ఇంట్లో నుంచి ఫోన్లో అమ్మే పిల్లుల దగ్గర మాత్రం కాగితం అన్న మాటే వినపడదు. ఉన్నదంతా జబానే.

జబాన్ అంటే గుర్తొచ్చింది. మన దగ్గర జానవర్ల అమ్మకంలో దగా మీద మాట కొత్తది కాదు. రెండు మూడు రోజులు పాలు పితక్కుండా ఉంచి, పొదుగు నిండుగా చూపించి మేకనో ఒంటెనో అమ్మడాన్ని రసూలుల్లా మనా చేశారు. అలా మోసపోయినవాళ్లకు మూడు రోజుల గడువిచ్చారు, ఉంచుకోవచ్చు, లేదా వాపస్ ఇవ్వొచ్చు. ఐబ్ దాచి అమ్మితే తిప్పి ఇచ్చే హక్కును ఫిఖ్‌హ్‌లో ఖియారె ఐబ్ అంటారు. పిల్లిని డబ్బుకు అమ్మడం మీదే ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, చాలామంది జాయిజ్ అంటారు. కానీ ఐబ్ దాచడం మీద ఇఖ్తిలాఫ్ లేదు. మా చెల్లికి అమ్మినవాడు ఇచ్చింది "ఇరవై నాలుగు గంటల గ్యారంటీ". పొదుగు మోసం మూడు రోజుల్లో బయటపడుతుంది. వైరస్‌కి పది రోజులైనా కావాలి. అందుకని నేనిప్పుడు అందరికీ చెప్పేది, పదిహేను రోజుల మాట కాగితం మీద రాయించుకోండి, రసీదు తీసుకోండి, రెండో రోజే మీ డాక్టరుకి చూపించండి. "మనవాళ్ల మధ్య రాతలెందుకు భాయ్" అన్నవాడి దగ్గర అసలు కొనొద్దు. ఉధార్ ఇచ్చి పుచ్చుకునేటప్పుడే రాసుకోమని మనకు హుకుం ఉంది కదా. ఇక సలాంకీ పైసలకీ మధ్య ఎన్నిసార్లు "అల్లా కసమ్" వస్తుందో లెక్కపెట్టండి. నా లెక్కలో రెండు దాటితే ఉఠో.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ జబ్బుతో పిల్లి పోయిన ఇంట్లో వైరస్ ఏడాది దాకా బతికి ఉండగలదు. నేల బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, గిన్నెలు, గుడ్డలు పారేయాలి, టీకాలు పూర్తికాని కూనని ఆ ఇంటికి తేకూడదు. షక్కర్ పరుపుని భాంజీ పారేయనివ్వలేదు. చెల్లి దాన్ని కాల్చేసేసరికి రెండు వారాలు పట్టింది.

మళ్లీ పిల్లి కావాలని ఆ పిల్ల తనంతట తాను అడగడానికి ఏడు నెలలు పట్టింది. గల్లీ పిల్లి కూన ఒకటి ముఫ్త్‌గా దొరుకుతుంది కదా అన్నాను, ఒప్పుకోలేదు. ఈసారి ఫోన్లు తనే చేసింది, నేను పక్కన కూర్చున్నానంతే. ప్రతి ఒక్కరినీ ముందు ఒకటే అడిగింది, "దీని అమ్మీని చూపిస్తారా?" ముగ్గురు ఏవేవో చెప్పారు, నాలుగోవాడు మధ్యలోనే ఫోన్ పెట్టేశాడు. అయిదో ఫోన్ హన్మకొండలో ఒక ఖాలాకి. ఆమె చూపిస్తానంది గానీ, ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇంట్లో పగలు ఎవరుంటారు, కిటికీలకు జాలీ ఉందా, ఇంతకుముందు పిల్లి ఉండేదా, ఏమైంది అని. భాంజీ అంతా చెప్పింది. విని, రెండో టీకా పడి పది రోజులయ్యేదాకా ఇవ్వను బేటీ, ఈలోగా కావాలంటే జుమా జుమా వచ్చి చూసుకో అంది. బయానా అడగలేదు.

మొన్న జుమాకి వెళ్లొచ్చారు. తల్లి తెల్లది, మొహం మరీ చప్పిడిగా లేదు. కూన కళ్లు అప్పుడే పసుపు రంగుకి తిరుగుతున్నాయట.