పదిహేనేళ్ల తర్వాత పెండ్యులమ్

రాత్రి నుంచి డ్రమ్ అండ్ బేస్ బ్యాండ్ పెండ్యులమ్ వాళ్ల ‘ఇనర్షియా’ ఆల్బమ్ వింటూనే ఉన్నాను. 2010లో ‘ఇమ్మర్షన్’ వచ్చాక, మళ్లీ పూర్తి ఆల్బమ్ చేతికందడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది. మధ్యలో బ్యాండ్‌లోని రాబ్ స్వైర్, గారెత్ మెక్‌గ్రిలెన్ ‘నైఫ్ పార్టీ’గా వేరే దారి పట్టారు. మళ్లీ పెండ్యులమ్‌గా 2021లో ‘ఎలిమెంటల్’, 2023లో ‘అనిమా’ ఈపీలతో ఆశ నిలబెట్టారు. వాటిలోని పాటలు కొన్ని ఇందులోనూ ఉన్నాయి.

డ్రమ్ అండ్ బేస్‌లో నాకు ప్రాణం ఒకటే. నిమిషానికి 174 దెబ్బల దాకా డ్రమ్స్ పరుగెడుతుంటే, కింద బేస్ సగం వేగంతో నిదానంగా నడుస్తుంది. కర్ణాటక సంగీతంలో మొదటి కాలం, రెండో కాలం కలిసి సాగుతున్నట్టు! ఆ రెండు నడకల మధ్య మనసు కుదుటపడుతుంది.

ఈ పెర్త్ కుర్రాళ్ల ‘హోల్డ్ యువర్ కలర్’ ఆల్బమ్‌కి 2025తో ఇరవై ఏళ్లు. అది వినని వాళ్లు ముందు అక్కడి నుంచి మొదలుపెట్టండి. హెడ్‌ఫోన్స్ మాత్రం మరిచిపోవద్దు.