చదివింపులు

మా చిన్నాయనకు ఆళ్లగడ్డలో మైకుసెట్టు ఉండేది. ఒక అహూజా యాంప్లిఫయరు, నాలుగు గొట్టం మైకులు, చలికాలం మొరాయించే జనరేటరు ఒకటి. పెళ్ళిళ్ళకీ ఎన్నికలకీ తిరునాళ్ళకీ అద్దెకిచ్చేవాడు. కువైట్ నుంచి వచ్చిన బంధువు దగ్గర కొన్న టేప్ రికార్డరు మాత్రం ఆయన సొంతానికి. నాటకం ఉన్న రాత్రి దాన్ని స్టేజీ ముందు, జంపఖానా అంచున పెట్టి, రెండు మీటలూ కలిపి నొక్కేవాడు.

మా వైపు కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయల్దేరుతాడు. నలభై రోజులకు అటూ ఇటూగా, ముప్ఫైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు, తన పెళ్ళికి తనే జనాన్ని పిలుచుకోవడానికి. పల్లకీ దిగిన ఊళ్ళో తిరునాళ్ళ. తిరునాళ్ళంటే రాత్రికి నాటకం. రాత్రి పదికి మొదలైన హరిశ్చంద్ర తెల్లవారుజామున కాటిసీను దగ్గరికి వస్తుంది. తొంభై నిమిషాల కేసెట్టును నలభై అయిదు నిమిషాలకోసారి తిప్పాలి. చిన్నాయనకు కునుకు పట్టిందంటే నక్షత్రకుడు సగం మాటలో ఆగిపోయేవాడు.

అయిదేళ్ళ కిందట వాటిల్లో పదకొండు కేసెట్లు హైదరాబాదు తెచ్చుకుని కంప్యూటర్లోకి ఎక్కించాను. పగలు కోడు రాసుకుని, రాత్రిళ్ళు పద్యనాటకం మీద నాలుగు ముక్కలు రాసుకునేవాణ్ణి. నాకు కావాల్సింది పద్యం. అందుకని అడాసిటీలో కూర్చుని శ్రద్ధగా కోశాను. జనరేటరు హోరు తీసేశాను. ఈలలు తీసేశాను. పిల్లల ఏడుపులు, "కూర్చోండయ్యా ముందోళ్ళు" అనే అరుపులు తీసేశాను. అన్నిటికంటే ఎక్కువగా కోసింది చదివింపుల్ని.

చూడనివాళ్ళకు చెప్పాలి. పద్యం నచ్చినవాళ్ళు పదో పాతికో స్టేజీ మీదికి పంపిస్తారు. హార్మోనియం ఆగుతుంది. ఒకాయన మైకు దగ్గరికొచ్చి ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, మొత్తం చదువుతాడు. అంతసేపూ పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుడు అట్లాగే పడుకుని ఉండాలి. చంద్రమతి ఏడుపు ఆపి నిలబడాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం, దాని మధ్యలో జాషువా శ్మశానవాటి పద్యాలు, వాటి మధ్యలో ఫలానా ఆయన అయిదు రూపాయలు. నా సాహిత్యాభిరుచికి ఇది అపచారంగా తోచింది.

కోసిన ఫైళ్ళు దాచుకున్నాను. డిస్కులో చోటు లేదని కోయనివి చెరిపేశాను. ఇల్లు మారేటప్పుడు ఆ పదకొండు కేసెట్లనూ పాత సామాన్ల బండికి వేశాను. పని పూర్తయిందనే అనుకున్నాను.

పోయినేడు ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బిల్ మన్రో పాటలు వింటున్నాను. బ్లూగ్రాస్ అని అమెరికాలో ఒక సంగీతం. మాండొలిన్, బాంజో, ఫిడేలు, కంఠం బిగించి పై స్థాయిలో పాడే పాట. 1940లలో ఆ బాణీకి రూపం ఇచ్చినవాడు కెంటకీకి చెందిన మన్రో. 1950లలో మైక్ సీగర్, రాల్ఫ్ రింజ్లర్ లాంటి కుర్రాళ్ళు మేరీలాండ్‌లోని న్యూ రివర్ రాంచ్, పెన్సిల్వేనియాలోని సన్‌సెట్ పార్క్ లాంటి ఆరుబయలు వేదికలకు టేప్ రికార్డర్లు మోసుకెళ్ళేవాళ్ళు. అట్లాంటి టేపుల్లోంచి రింజ్లర్ ఏరి కూర్చినవి 1993లో ఒక ఆల్బంగా వచ్చాయి. 1956 నుంచి 1969 దాకా మన్రో కచేరీలు.

వింటుంటే ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టనిపించింది. ఆ రోజుల్లో బృందం మొత్తానికీ తరచుగా ఒకటే మైకు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ముందుకొచ్చి వాయించి, పక్కకి తప్పుకోవాలి. మా నాటకాల్లోనూ స్టేజీ మధ్యలో ఒకటే మైకు. హరిశ్చంద్రుడు దాని దగ్గరికి నడిచొస్తుంటే గొంతు పెద్దదవుతుంది. తిరిగి వెళ్తుంటే చిన్నదవుతుంది. టేపులో అడుగులు లెక్కపెట్టుకోవచ్చు. అమెరికా వాళ్ళ ఆల్బంలో చప్పట్లూ మాటలూ అట్లాగే ఉన్నాయి. స్టూడియోలో పాడిన మన్రో పాటలు అప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి. ఆరుబయట టేపుల్లో మాత్రమే దొరికేది ఏమిటో రింజ్లర్‌కి తెలుసు.

నాకు తెలియలేదు. పద్యానికి కూడా స్టూడియో ఉంది. 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు తిరిగేది మూడు నిమిషాల చిల్లర. పద్యమూ రాగమూ ఆ మూడు నిమిషాల్లో సర్దుకోవాలి. అదే పద్యం తిరునాళ్ళలో పది నిమిషాలు పట్టొచ్చు. ఎంతసేపు సాగాలో చెప్పేది జనం. ఒక్క "వన్స్ మోర్"తో రాగం మళ్ళీ మొదటికి వస్తుంది. కురుక్షేత్రం ఆడినప్పుడు ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండేవాళ్ళు. రాయబారం సీనుకి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. ఏ కృష్ణుడు గొప్పో తేల్చేది ఈలలు, అరుపులు, చదివింపులు. విమర్శ అంటే అదే, అక్కడికక్కడ, సొంత జేబులోంచి. నేను తీసేసింది ఆ విమర్శని. విమర్శకుణ్ణని చెప్పుకుంటూ.

ఆళ్లగడ్డ వెళ్ళి చిన్నాయనను అడిగితే ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇవే మిగిలినాయి, ఎలకలు కొట్టకముందే తీసుకపో." తొమ్మిది కేసెట్లు. ముప్ఫై ఏళ్ళు గొట్టం మైకుల కింద కూర్చున్న ఆయనకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. "ముందు తీసుకపోయినవి ఏం చేసినావురా?" అని గట్టిగా అడిగాడు. కంప్యూటర్లో ఉన్నాయన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఆ తొమ్మిదింటిలో ఒకదాని మీద నీలం సిరాతో "హరిశ్చంద్ర - 94 - 5" అని ఉంది. ఈసారి ఏమీ కోయకుండా వింటున్నాను. రెండో వైపు, కాటిసీను. పద్యం అయింది. వన్స్ మోర్లు. హార్మోనియం ఆగింది. ఒకాయన గొంతు సవరించుకుని చదివాడు. నంద్యాల, విత్తనాల షాపు గుమాస్తా, మా నాయన పేరు. నూట పదహారు రూపాయలు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

మా నాయన పోయి తొమ్మిదేళ్ళు. ఇంట్లో రేడియోలో పద్యాలు వస్తే "ఆ గోల కట్టెయ్" అనేవాడు. పద్యాల పిచ్చి నాకు చిన్నాయన నుంచే వచ్చిందని అందరికీ చెప్పేవాణ్ణి, ఒక వ్యాసంలో రాశాను కూడా. 94లో నాకు ఆరేళ్ళు. ఆ ఏడు ఇంగ్లీషు మీడియం బడికి లెక్క లేదని నన్ను ఇంకో ఏడాది వీధిబడిలోనే ఉంచారు. ఆ సంగతి మనసులో పెట్టుకుని పెద్దయినాక ఆయనతో ఒకసారి గొడవ కూడా పెట్టుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. నంద్యాల నుంచి నలభై కిలోమీటర్లు పోయి, రాత్రంతా జంపఖానా మీద కూర్చుని, హరిశ్చంద్రుడి కోసం నూట పదహార్లు ఇచ్చిన మనిషి నాకు పరిచయమే లేడు.

కోపం వచ్చిందా, సంతోషం వచ్చిందా అని నన్నడిగితే చెప్పలేను. ముందు వచ్చింది భయం. పోయిన పదకొండు కేసెట్లలో ఆయన పేరు ఇంకెన్నిసార్లు ఉండేదో. ఇంకెవరెవరి నాయనల పేర్లు ఉండేవో. ఇప్పుడు మిగిలిన తొమ్మిది కేసెట్లనూ ఒక్కొక్క నిమిషం వింటూ పేరు, ఊరు, మొత్తం ఒక ఎక్సెల్ షీటులో రాసుకుంటున్నాను. ఎక్కువగా రెండు రూపాయలు, అయిదు రూపాయలు. అన్నిటికంటే పెద్దది నూట పదహారే.

సంక్రాంతికి నంద్యాల వెళ్ళినప్పుడు అమ్మకు ఆ ముక్క వినిపించాను. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమోనని నేను పక్కకి చూస్తున్నాను.

"నూట పదహార్లా?" అంది. "నాతో ఏబై ఒకటి అన్జెప్పినాడు గదరా!"

నవ్వాలో వద్దో తెలియక ఊరుకున్నాను. అమ్మ ఫోను నా చేతికిచ్చి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకోసారి పెట్టు. ఆయప్ప సరిగ్గా చదివినాడో లేదో విందాం."