రచ్చబండ మీది పంచాయితీ

2014 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు జరిగాయి. పైసా తీసుకోకుండా విజ్ఞానసర్వస్వం రాస్తున్నవాళ్లు రెండు రోజులపాటు ఒకచోట కూర్చున్నారు. కొందరికి కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు ఇచ్చారు. అప్పటి కృష్ణా జిల్లాలోని, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లాలోని పెనుగంచిప్రోలులో పుట్టిన లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ సంపాదకుడు. ఆయన 1923లో కన్నుమూశారు. ఆయన చేతుల మీదుగా మూడు సంపుటాలే వచ్చాయి.

ఆ గ్రంథంలో ఏది ఉండాలో, ఏది తీసేయాలో తేల్చడానికి సంపాదకుడు ఉన్నాడు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాలో (తెవికీలో) అలాంటి కుర్చీ లేదు. ఎవరైనా రాయవచ్చు, రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. తగువు వస్తే వ్యాసం వెనకున్న చర్చా పేజీలో తేల్చుకోవాలి. అక్కడా తెగకపోతే అందరూ చేరే పేజీకి వెళ్లాలి. దానికి తెవికీ పెట్టుకున్న పేరు రచ్చబండ.

తగువులకు కారణాలు తక్కువేమీ కాదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కృష్ణా జిల్లాలో ఉన్న విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. కొల్లేటి ఒడ్డున ఒక పల్లె గురించిన వ్యాసంలో పాత జిల్లా పేరును ఏ వాక్యంలో ఉంచాలి, ఏ వాక్యంలో మార్చాలి? ఇంత చిన్న ప్రశ్న మీద కూడా ఇద్దరు మంచివాళ్లు మాట్లాడుకోవడం మానేయగలరు.

గూగుల్ అనువాదాల గొడవ ఇంతకంటే పెద్దది. 2010 ప్రాంతంలో ఆ సంస్థ తన అనువాద పరికరంతో, డబ్బు తీసుకునే అనువాదకుల చేత, భారతీయ భాషల వికీపీడియాల్లో వ్యాసాలు రాయించింది. బెంగాలీ సముదాయం వాటిని ఒప్పుకోలేదు. తమిళులు 2010లో పోలండ్‌లో జరిగిన వికీమేనియా సభలో తమ అభ్యంతరాలు వినిపించారు. తెలుగులోనూ అలాంటి వ్యాసాలు కుప్పలుగా చేరాయి. అవి పొడుగ్గానే ఉన్నా వాటి వాక్యాలు కొరుకుడు పడేవి కావు. వాటిని బాగుచేయాలా, తీసేయాలా అన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది. రాసినవాళ్లు తమ పని ముగించుకుని వెళ్లిపోయారు. అడిగితే జవాబు చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు బాధ. అచ్చుతప్పులైతే ఎవరో ఒకరు దిద్దుకునేవాళ్లు.

మరి ఉచితంగా రాసేవాళ్ల సంగతి? ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు “దీనికి ఆధారం ఏది?” అన్న ప్రశ్న చురుక్కుమంటుంది. “ఊరికే చేస్తున్నాను, నన్నే నిలదీస్తారా?” అన్న కోపం వస్తుంది. ఆ నొప్పి నిజమైనదే. కానీ గుడివాడలో పాఠం కోసం ఆ పేజీ తెరిచే విద్యార్థినికి ఆ వాక్యం ఉచితంగా రాశారో జీతానికి రాశారో తెలియదు. తప్పుంటే ఆ పిల్ల తప్పే నేర్చుకుంటుంది. అందుకని ఆ ప్రశ్న అడగాల్సిందే. అడిగేవాళ్లు కూడా వాక్యం దగ్గరే ఆగాలి. “ఈ మాటకు ఆధారం లేదు” అనడం పని. “నీకు తెలుగు రాదు” అనడం దాడి. చురుగ్గా రాసేవాళ్లు పదుల సంఖ్యలోనే ఉన్న తెవికీలో ఒక్కరు అలిగి వెళ్లిపోయినా ఆ లోటు పూడదు.

అధికారం ఉన్నవాళ్లను అడగడం ఇంకా కష్టం. వ్యాసాన్ని తొలగించడం, వాడుకరిని నిరోధించడం నిర్వాహకుల చేతుల్లో ఉంటాయి. క్రొయేషియన్ వికీపీడియాను కొద్దిమంది నిర్వాహకులు దాదాపు పదేళ్లు గుప్పిట్లో పెట్టుకుని, ప్రశ్నించినవాళ్లను నిరోధించి, రెండో ప్రపంచ యుద్ధకాలపు దారుణాలను కప్పిపుచ్చారు. 2021లో వికీమీడియా ఫౌండేషన్ వేయించిన నివేదిక ఆ సంగతి బయటపెట్టింది. అదే ఫౌండేషన్ 2019లో ఇంగ్లీషు వికీపీడియా నిర్వాహకుడొకరిపై, సాక్ష్యాలు బయటపెట్టకుండా, ఏడాది నిషేధం విధించింది. దానికి నిరసనగా ఇరవైమందికి పైగా నిర్వాహకులు తప్పుకున్నారు. చివరికి అక్కడి మధ్యవర్తిత్వ సంఘం నిషేధాన్ని ఎత్తేసింది గానీ, అతని నిర్వాహక హోదాను తిరిగి ఇవ్వలేదు. అడిగేవాళ్లు లేని నిర్వాహకుడు ఎంత ప్రమాదమో, చాటున చెప్పే తీర్పు కూడా అంతే ప్రమాదం.

అధికారం ఉన్నవాళ్లు జవాబు చెప్పాలన్న సంగతి కృష్ణా డెల్టా రైతులకు కొత్త కాదు. ఎగువన తూము ఎత్తేస్తే శివారు పొలం ఎండుతుంది. అందుకే నీటికి వంతులు పెట్టుకున్నారు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో, తాము ఎన్నుకున్నవాళ్లను వెనక్కి పిలిచే వీలు కూడా రైతులకు ఉంది.

తెవికీలో ప్రతి దిద్దుబాటూ చరిత్ర పేజీలో వాడుకరి పేరుతో, సమయంతో సహా నమోదవుతుంది. నిర్వాహకులు చేసిన తొలగింపులూ నిరోధాలూ కూడా చిట్టాకెక్కుతాయి. వాటిని తెరిచి చూసేవాళ్లే తక్కువ. మీ ఊరి వ్యాసం తెరవండి. ‘చరిత్ర’ మీద నొక్కి ఎవరు ఏం రాశారో చదవండి. తప్పు కనిపిస్తే ఆధారం చూపించి దిద్దండి. ఎవరైనా కాదంటే చర్చా పేజీలో మీ కారణం రాసి, కింద సంతకం పెట్టండి.