మనస్సును చదువగోరు విద్యార్థిని

ప్రొద్దుటూరులో బి.ఏ. చదువుచున్న బాలిక యొకతె, పట్టభద్రురాలైన పిమ్మట మనశ్శాస్త్రమున ఎం.ఎస్సీ. చదువుదునన్నచో, ఇంటివారు రెండు ప్రశ్నలడుగుదురు. "పిచ్చివారి చదువా అది?" అనునది మొదటిది. "అయితే మా మనసులోని మాట చెప్పగలవా?" అనునది రెండవది. రెండును పొరపాటే. రెండవది మరింత ప్రమాదకరము. ఏలనన, ఆ శాస్త్రమున చేరగోరువారిలోనే కొందరు దానిని నమ్ముదురు.

చదువునకు దారి దూరమేమియు కాదు. 2021లో రాష్ట్రమున తొలిసారి జరిగిన ఉమ్మడి పీజీ ప్రవేశపరీక్షను నిర్వహించినది కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమే. డిగ్రీలో మనశ్శాస్త్రమే చదివి యుండవలెనను నియమము అన్నిచోట్ల లేదు. కోనేరు రామకృష్ణారావు తత్త్వశాస్త్ర విద్యార్థిగా ఆరంభించి, 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్ర, పరామనశ్శాస్త్ర శాఖను నెలకొల్పెను. ఆ పేరులోని రెండవ భాగమును శాస్త్రజ్ఞులు పెక్కురు నేటికిని అంగీకరింపరు. దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో విచారించుటయు ఈ చదువులో భాగమే.

సిద్ధపడుటకు ప్రయోగశాల కొరకు వేచియుండ నక్కరలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగడిలో అనుభవజ్ఞుడైన వర్తకుడు రెండు గాజులను అరచేత నుంచుకొని, ఏది బరువో చెప్పగలడు. ఆ కొద్ది భేదమే రెండు ప్రత్తి మూటల నడుమ నున్నచో, ఎంతటి బలశాలికిని తెలియదు. భేదము తెలియుట మొత్తము బరువును బట్టి యుండునని జర్మనీ దేశీయుడైన వెబరు కనుగొనెను. ఆతని వెనుక ఫెక్నరు 1860లో దీనిని గణితసూత్రముగా నిరూపించెను. ఇసుక నింపిన సంచులతో ఇంటనే ఈ ప్రయోగము చేయవచ్చును. పదిమందిచేత ఎత్తించి, ఫలితములు వ్రాసికొనినచో సంఖ్యాశాస్త్రము అవసరమగును. లెక్కలను తప్పించుకొనవచ్చునని ఈ శాఖలో చేరువారు మొదటి మాసముననే చిన్నబోవుదురు.

చూచుటయు నేర్వవలసిన విద్యయే. జమ్మలమడుగు బస్సు స్టాండులో అరగంట కూర్చుండి, కనబడినదానిని వ్రాయవలెను. "ఆమె కోపముగా నున్నది" అని వ్రాసినచో అది చూచినది కాదు, ఊహించినది. "కనుబొమలు ముడిచినది; మూటను నేలపై పడవైచినది" అన్నచో అది చూచినది. ఆమె అలసియుండవచ్చును; బస్సు తప్పి యుండవచ్చును. వారము దినములు ఇట్లు వ్రాసిన విద్యార్థిని, స్నేహితురాండ్రకు రోగముల పేర్లు పెట్టుట తానే మానుకొనును.

వీనినన్నిటిని మించినది మాటల సంగతి. 2015-16 జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము, పెక్కు మానసిక వ్యాధుల విషయమున నూటికి 70 మందికి పైగా చికిత్స అందుటలేదు. వైద్యులు చాలకుండుటయే గాక, బాధను చెప్పుకొను భాషయు వేరై యుండుట కలదు. పులివెందుల చీనీ తోటలలో పనిచేయు రైతు "నాకు మానసిక క్రుంగుబాటు కలదు" అనడు. "గుండె దడగా ఉండాది", "దేనిమీదా మనసు పోదు" అనును. పరీక్షాపత్రములలో పెక్కు ఆంగ్లమున పుట్టినవి. వానిని తెలుగు చేసిన పిమ్మట, మూలము చూడని వేరొకరిచేత మరల ఆంగ్లమునకు మార్పించి, రెంటిని సరిపోల్చుట పద్ధతి. "దిగులు" అను మాట నుంచినచో, ఒకరు దానిని దుఃఖమనియు, మరియొకరు భయమనియు తిప్పి పంపుదురు. నిఘంటువు ఈ చిక్కును తీర్చదు. అప్పుడా విద్యార్థిని తన పల్లెకు పోయి, అరుగుపై కూర్చున్న అవ్వను "దిగులు పడినప్పుడు నీకెట్లుంటదవ్వా?" అని అడిగి, ఆమె చెప్పినంతసేపు వినవలసి యుండును.